గడువులోగా పుట్టవలసిన పిల్ల

నాకు ముక్కు మీద కోపం. ఈ మాట ముందుగా నేనే ఒప్పుకుంటే మర్యాదగా ఉంటుంది, ఎందుకంటే ఈ కథలో కనబడే మిగతా వాళ్లను అడిగినా మొదట చెప్పేది అదే. ఒమన్‌లో మస్కట్ శివారు మబేలా దగ్గర ఒక కట్టడాల కంపెనీలో నేను టైమ్ కీపర్‌గా పనిచేసేవాణ్ని. ఎవరు ఎన్నింటికి సైటుకు వచ్చారు, ఎవరు ఎన్ని గంటలు పనిచేశారు, ఎవరి సెలవు ఎప్పుడు, ఇవన్నీ రాసే రిజిస్టరు నాది. దాంతోపాటు ఒక ఎర్ర పెన్ను కూడా నాదే. ఆ పెన్ను జేబులో ఉంటే నాకు రెండంగుళాలు పొడుగు పెరిగినట్టుండేది.

గల్ఫుకు రాకముందు తెనాలి దగ్గర ఒక ఆఫీసులో గుమాస్తాగా చేశాను. అప్పుడు రెండు ఎన్నికల్లో నాకు పోలింగ్ డ్యూటీ పడింది. ఆ రెండుసార్లూ నేను చేసిన పని ఓటర్ల వేలికి సిరా పూయడం. మబేలాలో మాత్రం ఎవరడిగినా "రెండు ఎన్నికలు నడిపాను" అని చెప్పేవాణ్ని. అందులో అబద్ధం ఏముంది? సిరా పూయకుండా ఎన్నిక ఎలా నడుస్తుంది?

రూములో ముగ్గురం ఉండేవాళ్లం. నేను, కరీంనగర్ వైపు నుంచి వచ్చిన మేస్త్రీ, హైదరాబాదు నుంచి వచ్చిన డ్రైవర్ భాయ్. మేస్త్రీ ఎంత తిట్టినా కోపం తెచ్చుకోని మనిషి. అలాంటి వాళ్లను చూస్తే నాకు ఇంకా ఒళ్లు మండుతుంది. భాయ్ మాత్రం నాకు సరిజోడు. రోజూ సాయంత్రం మూడు గ్లాసుల టీ పెట్టేవాడు, పెడుతూ పెడుతూ నన్ను నాలుగు మాటలు అనేవాడు.

తొంభై నాలుగు జూన్‌లో మేస్త్రీ సెలవు కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు. జులైలో ఊరికి వెళ్లాలట. సెలవు కాగితం ముందు నెల ఐదో తారీఖులోపు ఇవ్వాలని మా దగ్గర రూలు. ఆ రూలు ఎవరు పెట్టారని అడగకండి. సరే, నేనే పెట్టాను. మేస్త్రీ వచ్చింది ఆరో తారీఖు పొద్దున.

"నిన్న స్లాబు పోసినం సాబ్. దిగేసరికి చీకటైంది, ఆఫీసు బందైంది" అన్నాడు.

"స్లాబు నీది, తారీఖు నాది. జులై అయిపోయింది, ఆగస్టులో వెళ్లు" అన్నాను.

"అట్లనే సాబ్" అని వెళ్లిపోయాడు. ఒక్క మాట ఎదురు చెప్పి ఉంటే తీసుకునేవాణ్నేమో. చెప్పలేదు కాబట్టి తీసుకోలేదు. ఆగస్టులో వెళ్లి నెలన్నర ఉండి, సెప్టెంబరు మధ్యలో ఒక ఆవకాయ జాడీతో తిరిగి వచ్చాడు.

మరుసటి ఏడు మార్చి నెలలో అతని భార్య దగ్గరి నుంచి క్యాసెట్ వచ్చింది. ఆ రోజుల్లో ఉత్తరాలు రాయలేని వాళ్లు, రాయడానికి బద్ధకించేవాళ్లు అందరూ మాటలు క్యాసెట్‌లో పట్టి, సెలవు నుంచి తిరిగొచ్చే వాళ్ల చేతికిచ్చి పంపేవారు. క్యాసెట్ వస్తే రూములో అందరం కూర్చుని వినడమే. అది వినాలంటే మా ఏసీ ఆపాలి, లేకపోతే దాని మోత తప్ప మనిషి గొంతు వినిపించదు. ఏసీ ఆపి, చెమటలు కక్కుతూ ముగ్గురం టేప్ రికార్డర్ చుట్టూ కూర్చున్నాం. మధ్యలో మొగుడూ పెళ్లాల మాటలొస్తే మేస్త్రీ టక్కున బటన్ నొక్కి, టేప్ రికార్డర్ చంకలో పెట్టుకుని బయటికి పరుగెత్తేవాడు. ఆ రోజు పరుగెత్తే అవసరం రాలేదు.

"ఇగో, ఇనవడుతున్నదా?" అని మొదలుపెట్టింది ఆమె. "పెద్దపిల్ల మంచిగ సదువుతున్నది. చిన్నదానికి ముంగటి పండ్లు ఊసిపోయినయ్. నాకు ఏడో నెల నడుస్తున్నది. ఇగ అసలు ముచ్చట ఇను. మన ఊరి సర్పంచ్ సీటు ఈసారి ఆడోళ్లకచ్చింది. పాత సర్పంచు ఆయన కోడల్ని నిలవెడుతుండు. పోటీకి ఎవ్వలు రారు, ఉత్తగనే అయితదని ఇప్పట్నుంచే మేళగాళ్లను మాట్లాడుకున్నరు. మన వాడకట్టు బోరింగును పీక్కపోయి ఆళ్ల బర్రెల కొట్టం ముంగట పాతుకున్నరు గదా, రెండేండ్లాయె. నెత్తి మీద బిందె, కడుపుల బిడ్డ, రెండు మోసుకుంట నీళ్లకు ఊరవతలికి పోతున్న. బీడీలు చేసే ఆడోళ్లందరు నన్నే నిలవడుమంటున్నరు. నేను నిలవడుత. నిన్ను అడుగుతలేను, చెప్తున్న."

మేస్త్రీ నోరు తెరిచాడు, మూయలేదు. క్యాసెట్ ఆగలేదు.

"మీ రూములున్న టైమ్ కీపర్ అన్న ఎలచ్చన్లు నడిపిండంట గదా. కడుపుతోని ఉన్నోళ్లు నిలవడొచ్చునా? ఏమన్న రూలున్నదా? జర అడిగి చెప్పు."

ఏమన్న రూలున్నదా! నా జీవితంలో ఒక ఆడమనిషి నన్ను అడిగిన అత్యంత మధురమైన ప్రశ్న అది. ఒళ్లు పులకరించింది. లేచి చొక్కా తొడుక్కున్నాను. చట్టం గురించి మాట్లాడేటప్పుడు బనీనుతో బాగుండదు.

ఆ సంగతి నేను ఎక్కడో చదివాను. ఎక్కడ? గుర్తొచ్చింది. మేస్త్రీ తెచ్చిన ఆవకాయ జాడీకి చుట్టిన పాత పేపరు! ఇప్పుడది జాడీ కింద అరలో పరిచి ఉంది. మా రూములో తెలుగు అచ్చు అదొక్కటే కాబట్టి జాడీ ఎత్తినప్పుడల్లా దాన్నే చదివేవాణ్ని. జాడీ పక్కన పెట్టి, పేపరు పైకి తీసి, కళ్లజోడు పెట్టుకుని గట్టిగా చదివాను. కొత్త పంచాయతీ చట్టానికి ఆమోదం వచ్చింది. ఇద్దరి కంటే ఎక్కువమంది పిల్లలుంటే పోటీకి పనికిరారు. అయితే చట్టం అమల్లోకి వచ్చిన ఏడాదిలోపు పుట్టిన బిడ్డను ఆ లెక్కలో చేర్చరు. ఆ తర్వాత ఇంకో రెండు మూడు లైన్లున్నాయి. అక్కడ జాడీ అడుగున కారిన నూనె దిగి, ఒక్క అక్షరం కనబడలేదు. అవంత ముఖ్యం కాదులే అనుకున్నాను. పేపరు పైన తేదీ ఉంది కదా, కిందటేడు ఏప్రిల్ మూడో వారం. లెక్క తేలిపోయింది.

"ఏవయ్యా, నీకిప్పుడు ఇద్దరు కదా. మూడోది ఈ ఏప్రిల్ మూడో వారంలోపు పుట్టాలి. పుడితే నీ భార్య నిలబడొచ్చు. ఒక్కరోజు దాటినా ఖలాస్" అన్నాను.

"నర్సమ్మ మే నెల అన్నదంట సాబ్" అన్నాడు మేస్త్రీ నీరసంగా.

"నర్సులు అలాగే అంటారు. అసలు తేదీ మనం కడదాం." గోడ మీది కిరాణా కొట్టు క్యాలెండరు కిందికి దించి, గడువు రోజు చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాను. మేస్త్రీ పాస్‌పోర్టు కంపెనీ బీరువాలో ఉంటుంది, అందులో సెలవు ముద్రలు నేను చూసినవే. ఆగస్టు మొదట్లో వెళ్లాడు, సెప్టెంబరు మధ్యలో వచ్చాడు. "నిజం చెప్పు. వెళ్లిన కొత్తలోనా, తిరిగొచ్చే ముందా?"

మేస్త్రీ చెవులు ఎర్రబడ్డాయి. "గదేం ముచ్చట సాబ్" అని తువ్వాలు నెత్తి మీద కప్పుకున్నాడు.

"అరె, చెప్పు భాయ్, శరమ్ ఎందుకు, ఇది ఎలక్షన్ పని!" అంటూ డ్రైవర్ భాయ్ వేళ్లు మడుస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. "దిగిన రోజే అనుకున్నా ఏప్రిల్ ఆఖరు అయితది. కష్టం సాబ్, కష్టం." మళ్లీ మొదటి నుంచి మడిచాడు. ఆ రెండో లెక్క మధ్యలో ఆగిపోయి నా వైపు తిరిగాడు. "ఆగండి. మేస్త్రీ జులైలో పోతా అన్నడు కదా? జులైలో పోతే మార్చి ఆఖరుకే పని అయిపోయేది. ఆగస్టులో ఎందుకు పోయిండు?"

ఏసీ ఆపి ఉంది, దాని మోత వెనక దాక్కోవడానికి కూడా వీల్లేకపోయింది.

"రూలు రూలే" అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు.

"ఒక్కరోజు సాబ్! ఒక్కరోజు కాగితం లేటుకు ఒక సర్పంచ్‌ను ఖతం చేసిండ్రు!" అని భాయ్ నెత్తి కొట్టుకున్నాడు. మేస్త్రీ మాత్రం "పోనీ భాయ్, సాబ్‌కు కల పడ్డదా ఏంది" అని నన్నే వెనకేసుకొచ్చాడు. నాకు చచ్చేంత సిగ్గేసింది.

అక్కడి నుంచి మా క్యాంపంతా ఆ కాన్పు మీదే పడింది. మేస్త్రీ కింద పనిచేసేవాళ్లు పొద్దున్నే హాజరు వేయించుకోవడానికి వచ్చి, "ఏమైంది సాబ్?" అని నన్నే అడిగేవాళ్లు, నేనే కంటున్నట్టు. భాయ్ ఒక ఉపాయం చెప్పాడు. పుట్టిన తేదీ రాయించేది మనమే కదా, నాలుగు రోజులు ముందుకు రాయిస్తే పోలా? పోదు. మేస్త్రీ సెలవులో ఊరికెళ్లింది భుజం మీద పెద్ద టేప్ రికార్డర్‌తో. ఊరంతా ఎదురొచ్చి చూసింది. అతను బస్సు దిగిన రోజు పాత సర్పంచుకు తెలియకుండా ఉంటుందా? అందరి చేతులకూ వేళ్లున్నాయి, అందరికీ మడవడం వచ్చు.

శుక్రవారం పొద్దున మేస్త్రీ భార్య మండలంలో ఎస్టీడీ బూత్‌కు వచ్చి కూర్చునేది. ఇక్కడ కొట్ల దగ్గరి కార్డు ఫోను నుంచి మేస్త్రీ మాట్లాడేవాడు. గడువు మాట ఆమెకు చెప్పిన శుక్రవారం పక్కన నేను కూడా నిలబడ్డాను. "బాగా నడవమను. మెట్లెక్కమను. బొప్పాయి మాత్రం వద్దను" అని అందిస్తూ ఉన్నాను. మేస్త్రీ సిగ్గుపడుతూ, "జర జల్ది అయితదా?" అని అడిగాడు. అవతలి నుంచి ఆమె నవ్వు నాక్కూడా వినిపించింది.

"మీ టైమ్ కీపర్‌కు చెప్పు, కడుపులున్నదానికి రిజిస్టరు తెచ్చి సూపెట్టమను. అప్పుడన్న బయటికస్తదేమో."

నవ్వినందుకు ఫోను కార్డుకు కూడా కోపమొచ్చిందో ఏమో, అక్కడే అయిపోయింది.

ఎర్ర సున్నా చుట్టిన రోజు వచ్చింది, పోయింది. పిల్ల పుట్టలేదు. ఆ రాత్రి క్యాలెండరు తిరగేసి గోడకు పెట్టాను. అయినా తెలిసినవాణ్నని పేరు పడ్డాక తీర్పు చెప్పక తప్పదు కదా. మరుసటి శుక్రవారం మేస్త్రీని కూర్చోబెట్టి చెప్పాను. "నామినేషన్ వేయొద్దను. వేసినా పరిశీలన రోజున అందరి ముందూ కొట్టిపారేస్తారు. అప్పటికి పచ్చి బాలింత, అంతదూరం వెళ్లి పరువు పోగొట్టుకోవడం దేనికి?"

మేస్త్రీ ఫోను కార్డు తీసుకుని కొట్ల దగ్గరికి నడిచాడు, నేనూ వెంట వెళ్లాను. తర్వాత ఫోన్ చేసి నేను చెప్పినట్టే చెప్పాడు. ఆమె ఏడుస్తుందనుకున్నాను, కనీసం నన్ను తిడుతుందనుకున్నాను. "మంచిది. నువ్వు యాళ్లకు తిను" అని మాత్రం అని పెట్టేసింది.

ఆ సాయంత్రం భాయ్ రెండు గ్లాసుల టీయే పెట్టాడు. ఒకటి మేస్త్రీకి, ఒకటి తనకు. "నాకు?" అన్నాను. "కాగితం పెట్టండి సాబ్, ఐదో తారీఖులోపు" అన్నాడు. ఆ రోజు నుంచి నాతో మాటలు బంద్. నా టీ నేనే పెట్టుకున్నాను. నా టీ నాకే నోట పెట్టబుద్ధయ్యేది కాదు.

మే నెలలో, బక్రీదుకు రెండు రోజుల ముందు ఆఫీసు ఫోను మోగింది. మేస్త్రీ బావమరిది. "ఆడపిల్ల సార్. తల్లీ బిడ్డ మంచిగున్నరు" అన్నాడు. రిజిస్టరు మూసి, వ్యాను ఎక్కి అల్ ఖౌద్ సైటుకు వెళ్లాను. డ్యూటీ టైములో నేను బల్ల వదిలి వెళ్లడం కంపెనీలో ఎవరూ చూసి ఎరగరు. నన్ను చూడగానే పరంజా మీద ఉన్నవాళ్లంతా పని ఆపేశారు. మేస్త్రీ దిగి వచ్చాడు. చెప్పాను. సిమెంటు చేతులతో నన్ను గట్టిగా వాటేసుకున్నాడు. నా తెల్ల చొక్కా సంగతి నేనేమీ అనలేదు.

"నన్ను క్షమించవయ్యా. ఆ రోజు నీ కాగితం తీసుకోవలసింది" అన్నాను.

"గదేంది సాబ్, బిడ్డ మంచిగున్నది గదా" అని కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "గని ఆమె మస్తు ఆశ పెట్టుకున్నది సాబ్. నన్నెన్నడు ఏదీ అడగలే. నీళ్లు అడిగింది, గంతే" అన్నాడు. తిరుగుదారిలో వ్యానులో కూర్చుని నన్ను నేనే బండబూతులు తిట్టుకున్నాను.

బక్రీదు రోజు భాయ్ పళ్లెం నిండా బిర్యానీ తెచ్చి నా ముందు పెట్టాడు. "పండగ కాబట్టి మాట్లాడుతున్నా. రేపట్నుంచి మళ్లీ బంద్" అన్నాడు. మాట తప్పలేదు, మర్నాటి నుంచి మళ్లీ బంద్.

జులైలో రెండో క్యాసెట్ వచ్చింది. దాంతోపాటు మడిచిన కాగితం ఒకటి, దాని మీద నా ఉద్యోగం పేరు రాసి ఉంది. నలభై అయిదు డిగ్రీల ఎండలో ఏసీ ఆపి ముగ్గురం కూర్చున్నాం. మొదట పసిపిల్ల ఏడుపు వినిపించింది, తర్వాత ఆమె గొంతు.

"ఇగో, ఇనవడుతున్నదా? నేను గెలిచిన."

భాయ్ ఎగిరి గంతేసి తల పై బెర్తుకు కొట్టుకున్నాడు. మేస్త్రీ కదల్లేదు. నాకైతే ఏమీ అర్థం కాలేదు. క్యాసెట్ వెనక్కి తిప్పి మళ్లీ విన్నాం. గెలిచిన అనే అంది.

"టైమ్ కీపర్ అన్న ఏప్రిల్ అన్నప్పుడే నేను మండలాఫీసుకు పోయిన. ఎనిమిదో నెల కడుపేసుకొని పోయి, అసలు పుస్తకం తీసి సదువుమన్న. పేపర్ల పడ్డనాడు కాదంట, చట్టం నెల తర్వాత అమలైందంట. గడువు మే ఆఖరు దాంక ఉన్నదంట. గా మాట కాయిదం మీద రాపిచ్చి, ముద్ర ఏపిచ్చుకొని పెట్టెల దాచిన. ఫోన్ల ఎందుకు చెప్పలేదంటే, మన ఊరోళ్లు మస్కట్ల ఎంతమంది లేరు? మీ రూముల చెప్తే తెల్లారేసరికి పాత సర్పంచుకు ఎర్కైతది. నేను నిలవడుతలేనని నువ్వు బాధపడ్డది ఊరంత పాకింది. ఆళ్లు మేళగాళ్లకు బయానా గూడ ఇచ్చిండ్రు."

నేను మేస్త్రీ వైపు చూశాను. మేస్త్రీ క్యాసెట్ వైపు చూస్తున్నాడు, అందులో ఉన్నది తన భార్యేనా అన్నట్టు.

"ఆఖరు రోజు మూడు గొట్టంగ తలుపు మూస్తరు. నేను రెండున్నరకు పోయి పిల్లను ఒళ్లె ఏసుకొని నామినేషన్ ఏసిన. తెల్లారి పరిశీలన. పాత సర్పంచు మనిషి లేసి, ముగ్గురు పిల్లలు, ఈమె పనికిరాదని లొల్లి పెట్టిండు. జేబులకెల్లి పేపరు ముక్క తీసిండు. అన్నా, నీ దగ్గరున్న పేపరే! నేను ముద్ర కాయిదం తీసి ముంగట పెట్టిన. ఆఫీసరు సదివి, చెల్లుతది కూసో అన్నడు. బోరింగు మన వాడకట్టుకచ్చింది. నిన్ననే నీళ్లు కొట్టినం."

అంటే నా లెక్క తప్పు. పాత సర్పంచు లెక్కా తప్పే. ఇద్దరం ఒకే పేపరును నమ్ముకున్నాం, నా కింది లైన్లు నూనె మింగింది, ఆయన కింది లైన్లు చదవనే లేదు, అంతే తేడా. భాయ్ పడీపడీ నవ్వుతున్నాడు. నేను ఆ రోజు నవ్వలేకపోయాను.

మడిచిన కాగితం విప్పాను. బడి నోటుబుక్కులోంచి చింపిన తెలుగు కాగితం. వచ్చే ఏడు జులైలో తన భర్తకు సెలవు కావాలని అర్జీ. కింద ఆమె వంకర టింకర సంతకం, దాని పక్కన గ్రామ పంచాయతీ గుండ్రటి ముద్ర. పైన ఒక చీటీ, "అందినట్లు రాసి ఇవ్వగలరు" అని. మా కంపెనీ ఫారం ఇంగ్లీషులో ఉండాలి, దాని మీద సంతకం మేస్త్రీది ఉండాలి, ఇంత ముందుగా తీసుకోకూడదు. ఎర్ర పెన్ను తీసి అందినట్లు రాశాను. తారీఖు వేశాను. సెలవుల ఫైల్లో అన్నిటికన్నా పైన పెట్టాను.

క్యాసెట్ అయిపోయిందనుకున్నాం. మేస్త్రీ తీయబోతుంటే మళ్లీ ఆమె గొంతు వచ్చింది.

"అన్నా, ఇంకో మాట. నువ్వు కాయిదం తీసుకోలేదని అందరు నిన్ను తిడుతున్నరంట. మా ఆయన చెప్పిండు. నువ్వు గా రోజు కాయిదం తీసుకుంటే నాకు గింత ఆగమయ్యేది కాదు, నిజమే. గని జులైల ఆయనస్తే ఇంకో పిల్ల పుడుతుండె, గీ పిల్ల పుట్టకపోతుండె. నాకు గీ పిల్లనే గావాలె."

తర్వాత పిల్ల ఏడుపు మొదలై, క్యాసెట్ చివరిదాకా అదే ఉంది. ఎవరూ ఆపలేదు. నేను బయటికి వెళ్లి కుళాయి దగ్గర ముఖం కడుక్కుని, కాసేపాగి, ఇంకోసారి కడుక్కున్నాను. లోపలికి వచ్చేసరికి నా మంచం పక్కన టీ గ్లాసు ఉంది.

"తాగండి సాబ్, చల్లగైతది" అన్నాడు భాయ్.